నాలుగు కిలోల లాట్‌లో అసలు వెండి ఎంత?

ప్రశ్న: మాది గుంతకల్లు. మా తాతగారు రైల్వే రిఫ్రెష్‌మెంట్ రూములో పనిచేసేవారు. ఆయన పాత పెట్టెలో ఆరు పెద్ద చెంచాలు దొరికాయి. వెనక చిన్న చిన్న గళ్లలో నాలుగు ఇంగ్లీషు అక్షరాలున్నాయి. అవి చూసినప్పటి నుంచి పాతకాలపు వెండి చెంచాలు, ఫోర్కులు, టీ సామాను సేకరించాలని కోరిక పుట్టింది. ఇప్పుడు ఒక ఆన్‌లైన్ వేలంలో 12 మందికి సరిపడే సెట్ ఒకే లాట్‌గా (ఒకే పాటకు పెట్టిన సరుకుగా) వచ్చింది. ‘షెఫీల్డ్, 1912, ఓల్డ్ ఇంగ్లిష్ నమూనా, 66 పీసులు (అందులో 24 కత్తులు), గ్రాస్ బరువు 3,990 గ్రాములు’ అని రాశారు. కత్తుల మీద ‘స్టెయిన్‌లెస్’ అని ఫోటోలో కనబడుతోంది, మిగతా ముద్రలు చదవడానికి రావట్లేదు. నాలుగు కిలోల వెండి మార్కెట్ రేటు కంటే తక్కువకే పోయేలా ఉంది. పాడొచ్చా? మా తాతగారి చెంచాలు కూడా వెండివేనా? కొన్నాక వీటిని ఎలా చూసుకోవాలి?

సమాధానం: ముందు తాతగారి చెంచాల సంగతి తేల్చుకుందాం. వాటిని చదవడం వస్తే వేలంలో పెట్టిన సెట్‌ను చదవడం సగం వచ్చినట్టే.

నాలుగు గళ్లలో ఉన్న అక్షరాలు ఇ, పి, ఎన్, ఎస్ అయితే అవి వెండివి కావు, వెండి పూత వేసినవి. పూత కింద ఉన్నది నికెల్ సిల్వర్. మన పెళ్లిళ్లలో రిటర్న్ గిఫ్టుగా ఇచ్చే కుంకుమ భరిణెల అంగడిలో దాన్నే జర్మన్ సిల్వర్ అంటారు. పేరులో సిల్వర్ ఉంది గానీ లోహంలో వెండి రవ్వంత కూడా ఉండదు. రాగి, నికెల్, జింకు కలిపి చేసిన మిశ్రమం అది. దాని మీద కరెంటుతో వెండి పూత వేసే పద్ధతికి ఎల్కింగ్టన్ కంపెనీ ఇంగ్లండులో 1840లో పేటెంటు తీసుకుంది. ఆ తర్వాత హోటళ్లు, ఓడలు, రైల్వేలు, క్లబ్బులు అన్నీ ఈ సామానే కొన్నాయి. అక్షరాలను ఒక్కొక్క గడిలో విడివిడిగా, అసలు హాల్‌మార్క్ వరుసలాగా కొట్టడం తయారీదారుల గడుసుతనం. దూరం నుంచి చూస్తే ఎవరైనా మోసపోతారు. చెంచాల మీద మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే పొడి అక్షరాలు కూడా ఉంటే మాత్రం వాటి విలువ వేరు. ఆ రైల్వే 1908లో ఏర్పడి 1951లో దక్షిణ రైల్వేలో కలిసిపోయింది. గుంతకల్లు ఇంట్లో ఆ చెంచాలు ఉండటమే వాటి విలువ. కరిగిస్తే చేతికేమీ రాదు.

పూతను పట్టుకోవడానికి అక్షరాలు కూడా అక్కర్లేదు. చెంచాను బోర్లించండి. గుంట వెనక, చెంచా బల్లకు ఆనే చోట వేలితో తడిమి, కిటికీ వెలుతురులో చూడండి. వందేళ్లు బల్ల మీద రాసుకున్న చోటు అదే. పూత సామానులో అక్కడ వెండి పోయి, లోపలి నుంచి పసుపు కలిసిన బూడిద రంగు మచ్చ బయటపడుతుంది. అసలు వెండి అక్కడ ఎంత అరిగినా రంగు మారదు.

ఇక బ్రిటిష్ ముద్రలు. ఇంగ్లండులో చేసిన స్టెర్లింగ్ వెండి మీద వెతకాల్సింది నడుస్తున్న సింహం. ఒక ముందుకాలు ఎత్తి ఉంటుంది. సింహం ఉంటే వెయ్యికి 925 పాళ్లు వెండి. పక్కన ఊరి ముద్ర: లండన్‌కు చిరుతపులి తల, షెఫీల్డ్‌కు 1974 వరకు కిరీటం, బర్మింగ్‌హామ్‌కు లంగరు. బర్మింగ్‌హామ్‌కు సముద్రమే లేదు. షెఫీల్డ్, బర్మింగ్‌హామ్ రెండింటికీ వెండిని పరీక్షించి ముద్ర వేసే కార్యాలయాలు 1773లో ఒకేసారి వచ్చాయి. దానికోసం లండన్ వెళ్లినవాళ్లు దిగిన సత్రం పేరు ‘క్రౌన్ అండ్ యాంకర్’ కాబట్టి చెరొకటి పంచుకున్నారని ఒక కథ చెబుతారు. మూడోది సంవత్సరం అక్షరం, నాలుగోది తయారీదారు పొడి అక్షరాలు. రాజు తలో రాణి తలో ఐదో ముద్రగా ఉంటే ఆ వస్తువు సాధారణంగా 1784కూ 1890కీ మధ్యది. అది పన్ను కట్టినట్టు గుర్తు.

సంవత్సరం అక్షరం దగ్గరే చాలామంది తప్పులో కాలేస్తారు. లండన్‌లో 1974 వరకు 20 అక్షరాలకు ఒక చుట్టు పూర్తయి మళ్లీ మొదటికి వచ్చేది. అంటే ఒకే అక్షరం ప్రతి 20 ఏళ్లకూ కనబడుతుంది. అక్షరం రాత, దాని చుట్టూ ఉన్న గడి ఆకారం రెండూ కలిపి చూస్తేనే సంవత్సరం తేలుతుంది. ఊరు మారితే పట్టిక మారుతుంది. షెఫీల్డ్ చెంచాను లండన్ పట్టికలో వెతికితే ఏదో ఒక సంవత్సరం దొరుకుతుంది, అది తప్పు సంవత్సరం. 10 రెట్లు పెద్దగా చూపే భూతద్దం కొనుక్కోండి, గడియారాలు బాగుచేసేవాళ్లు కంటికి పెట్టుకునేది చాలు. వేలం సంస్థ రాసిన సంవత్సరాన్ని గుడ్డిగా నమ్మకుండా ముద్ర ఫోటో అడిగి మీరే చదవండి.

మన దేశంలో చేసిన పాత వెండికి ఈ లెక్క పనికిరాదు. మద్రాసులో పి. ఓర్ అండ్ సన్స్, కలకత్తాలో హామిల్టన్ వంటి కంపెనీలు, భుజ్‌లో ఊమర్సీ మావ్‌జీ వంటి పనివాళ్లు తమ ముద్ర తామే కొట్టుకున్నారు. ఇంగ్లండులోలా పరీక్షించి ముద్ర వేసే కార్యాలయం ఇక్కడ ఉండేది కాదు. దేవతామూర్తుల నగిషీతో టీ కుండలు, ట్రేలు చేసే మద్రాసు ‘స్వామి’ పనికి 1875-76లో వేల్స్ యువరాజు భారతదేశం వచ్చి వెళ్లాక ఇంగ్లండులోనూ గిరాకీ పెరిగింది. వాటిలో వెండి పాలు ముద్రను బట్టి తెలియదు, పరీక్షిస్తేనే తెలుస్తుంది.

పరీక్ష అనగానే ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వీధికో, కర్నూలుకో పట్టుకెళ్లి టంచ్ (వెండి పాళ్లు) చూపిద్దాం అనుకుంటారు. చూపించండి, కానీ ఒక మాట గుర్తుంచుకోండి. ఎక్స్‌రేలతో పాళ్లు చూపే ఎక్స్‌ఆర్‌ఎఫ్ మిషన్ లోహం పైపొరను మాత్రమే చదువుతుంది. మంచి మందం పూత ఉన్న చెంచాను పెడితే అది కూడా వెండి అనే చూపిస్తుంది. ఇంకా తమాషా ఏమిటంటే, కరెంటు పూతలో పడేది దాదాపు స్వచ్ఛమైన వెండి. కాబట్టి సింహం ముద్ర ఉన్న చెంచాకు మిషన్ 92, 93 దగ్గర చూపిస్తే సరే. 99 చూపిస్తే సంతోషపడకండి, అనుమానపడండి. పూత సామాను కావచ్చు, లేదా అతుకులు, మచ్చలు కనబడకుండా అసలు వెండి మీదే మళ్లీ పూత వేయించి ఉండవచ్చు. అరిగిన చోట, గుంట వెనక మచ్చ మీద ఇంకోసారి పెట్టించండి. గీటురాయి మీద పైపైన గీస్తే కూడా ఇదే చిక్కు, పూతే గీతగా పడుతుంది. లోపలి లోహం చూడ్డానికి ఆచారి ఆకురాయి తీస్తే చేయి పట్టుకుని ఆపండి. ఒక్క గాటుతో పాత చెంచా ధర కాస్తా కరిగే వెండి ధరకు దిగుతుంది. అయస్కాంతం ఇనుమును పట్టిస్తుందంతే. ఇత్తడి, జర్మన్ సిల్వర్, వెండి మూడూ దానికి అంటుకోవు.

ఇంట్లోనే చేసుకోగల నమ్మకమైన పరీక్ష నీళ్లతో. 0.1 గ్రాము వరకు చూపే చిన్న కాటా, పొడుగు గాజు గ్లాసు, దారం ఉంటే చాలు. ముందు చెంచాను పొడిగా తూచండి. తర్వాత గ్లాసులో నీళ్లు పోసి కాటా మీద పెట్టి సున్నా చేయండి. చెంచా కాడకు దారం కట్టి, చేత్తో పట్టుకుని నీళ్లలో పూర్తిగా ముంచండి. అడుగుకు, అంచుకు తగలకూడదు. కాటా ఇప్పుడు చూపే గ్రాములు చెంచా పక్కకు నెట్టిన నీళ్ల బరువు. మొదటి బరువును దానితో భాగించండి. 72.5 గ్రాముల చెంచా 7 గ్రాములు చూపిస్తే 10.36 వస్తుంది, అది స్టెర్లింగ్ లెక్క. అదే బరువున్న చెంచా 8.3 గ్రాములు చూపిస్తే 8.7 వస్తుంది, అది జర్మన్ సిల్వర్ లెక్క. 800 పాళ్ల వెండి అయితే 10.1 దగ్గర ఉంటుంది. పూత ఎంత బాగా వేసినా ఈ పరీక్ష ముందు దాక్కోలేదు, ఎందుకంటే ఇక్కడ తూగేది లోపలి లోహం. చెంచా గుంట కింద గాలి బుడగ ఇరుక్కుంటే లెక్క తప్పుతుంది కాబట్టి ముంచాక ఒకసారి కదిలించండి. 10 గ్రాముల టీ చెంచాకు 0.1 గ్రాము తేడా కూడా పెద్దదే. అప్పుడు ఒకే రకం చెంచాలు ఆరింటిని కట్టగా కట్టి ముంచండి. బోలు పిడి ఉన్న కత్తులకు, లోపల ఏదైనా నింపిన దీపపు స్తంభాలకు ఇది పనికిరాదు.

ఆ బోలు పిడే మీ లాట్‌లో అసలు చిక్కు. 

‘గ్రాస్ బరువు 3,990 గ్రాములు’ అంటే కత్తులతో కలిపి. పాత బల్లకత్తి పిడి పల్చటి వెండి రేకు. రెండు చిప్పలుగా ఒత్తి, కలిపి అతికించి, లోపల లక్కలాంటి జిగురు మైనం పోసి, అందులో ఉక్కు అలుగు తోకను గుచ్చుతారు. మన లక్క గాజులు తెలిసినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. అందుకే నిక్కచ్చిగా నడిపే వేలం సంస్థలు ‘కత్తులు మినహా బరువు’ అని వేరుగా ఇస్తాయి. ఇవ్వకపోతే అడగాలి. అడిగినా ఇవ్వకపోతే ఆ లాట్ వదిలేయాలి.

ఈ నమూనా మామూలు బరువులతో మీ లాట్‌ను విప్పి చూద్దాం. పెద్ద ఫోర్కులు 12, ఒక్కోటి 70 గ్రాములనుకుంటే 840. పెద్ద చెంచాలు 6, ఒక్కోటి 75 చొప్పున 450. డెజర్ట్ ఫోర్కులు, చెంచాలు తలా 12, ఒక్కోటి 45 చొప్పున 1,080. మొత్తం 2,370 గ్రాములు. మిగిలిన 1,620 గ్రాములూ 24 కత్తులవి. అందులో ఎక్కువ భాగం ఉక్కు, లక్క. రేకు వెండి కత్తికి 15 గ్రాములో 20 గ్రాములో ఉండొచ్చు గానీ దాన్ని విడదీయడానికి అయ్యే ఖర్చు, పోయే తరుగు చూసుకుంటే సున్నా అని రాసుకోవడమే మేలు. కాబట్టి నాలుగు కిలోలు కాదు, 2,370 గ్రాముల స్టెర్లింగ్. దాన్ని 0.925తో గుణిస్తే స్వచ్ఛమైన వెండి 2,192 గ్రాములు. మీరు అనుకున్నదానిలో సగం కంటే కాస్త ఎక్కువ.

ఇక స్టెయిన్‌లెస్ ముద్ర. తుప్పు పట్టని ఉక్కును హ్యారీ బ్రియర్లీ షెఫీల్డ్‌లోనే 1913లో తయారుచేశాడు. 1912 నాటి కత్తికి స్టెయిన్‌లెస్ అలుగు పుట్టుకతో రాదు. అలుగులు తర్వాత మార్చి ఉంటారు, లేదా కత్తులే తర్వాతవి. ఇది దోషమేమీ కాదు. పాత ఉక్కు తుప్పు పట్టేది, సానపట్టీ పట్టీ అరిగిపోయేది, చాలా ఇళ్లలో మార్పించుకున్నారు. కానీ లాట్ పేరులో ఉన్న 1912 కత్తులకు వర్తించదు, దానికి ధర కట్టకూడదు. పిడి మీద ముద్రలు చదవగలిగేలా ఫోటో అడిగితే పిడి ఏనాటిదో తేలుతుంది. చెవి దగ్గర పెట్టి ఆడిస్తే గలగలమనే కత్తిలో లక్క విరిగింది. ఎప్పుడో వేడినీళ్లలో నానబెట్టి ఉంటారు.

కత్తి పిడి ఏనుగు దంతంతో చేసిన సెట్లు, పిడి దగ్గర దంతపు బిళ్లలున్న టీ కుండలు కూడా వేలాల్లో తారసపడతాయి. వాటి జోలికి పోకండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద దంతం వ్యాపారం మన దేశంలో నిషేధం. వస్తువు ఎంత పాతదైనా తలనొప్పే.

ఇప్పుడు డబ్బు లెక్క. వెండి రేటు రోజుకోలా ఉంటుంది కాబట్టి తేలిగ్గా అర్థం కావడానికి స్వచ్ఛమైన వెండి గ్రాము 100 రూపాయలనుకుందాం. ఆనాటి రేటు మీరు వేసుకోండి. 2,192 గ్రాములకు 2,19,200 రూపాయలు. ఇది కరిగిస్తే వచ్చే విలువ, అదీ అంగడి తరుగు తీయకముందు. ఫోర్కులూ చెంచాలూ అన్నీ ఒకే తయారీదారు, ఒకే సంవత్సరం అయితే దీనిమీద పాతిక శాతం ఎక్కువ పెట్టడం సబబే. సంవత్సరాలు కలగాపులగంగా ఉంటే ఆ పాతిక కూడా దండగ. సంవత్సరం కలిసిందనే అనుకుంటే మీ మొత్తం ఖర్చు 2,74,000 దాటకూడదు.

కానీ మీరు పాడే మొత్తం మీరు కట్టే మొత్తం కాదు. పాట మీద కొనుగోలుదారు ప్రీమియం పడుతుంది. అది 20 శాతం, దాని మీద జీఎస్టీ 18 శాతం అనుకుంటే, 100 రూపాయల పాటకు 123 రూపాయల 60 పైసలు అవుతుంది. శాతాలు సంస్థకో తీరు, షరతుల పేజీలో ఉంటాయి. మీ హద్దును 1.236తో భాగిస్తే సుమారు 2,21,700 వస్తుంది. అంటే కరిగే వెండి విలువ దగ్గరే వేలం సుత్తి పడి పాట ముగియాలి. వస్తువు మీద వేసే జీఎస్టీ, ప్యాకింగు, బీమా, రవాణా ఇంకా కలపలేదు. అవన్నీ తీసేస్తే గ్రాము 100 అనే లెక్కకు 2,00,000 దగ్గర గీత గీసుకోండి. ఆ అంకెను కాగితం మీద రాసి, ఆబ్సెంటీ బిడ్‌గా (పాట సమయంలో లేకుండానే రాసిచ్చే హద్దుగా) ముందే ఇచ్చేయడం నయం. వినాయక చవితికి వీధిలో లడ్డూ పాట పాడినట్టు కళ్లెదుట పాట పెరుగుతుంటే పంతానికి పోని మనిషి అరుదు. విదేశీ సంస్థ వేలమైతే కస్టమ్స్ సుంకం, వెండి దిగుమతి నిబంధనలు పాట తర్వాత కాదు, ముందే కస్టమ్స్ ఏజెంటును అడగాలి.

గీత గీసుకునే ముందు చూడాల్సినవి ఇంకా ఉన్నాయి, సేకరణలో అసలు విద్య ఇదే. ఫోర్కును పక్క నుంచి చూడండి. నాలుగు పళ్ల కొసలూ ఒక ఎత్తులో ఉండాలి. బయటి పన్ను కురచగా ఉంటే వాడకంలో అరిగింది. నాలుగూ సమానంగా కురచగా, కొసలు మరీ సూదిగా ఉంటే ఎవరో కత్తిరించి ఆకురాయి పట్టారు. 12 ఫోర్కులనూ వరుసగా పేర్చి తీసిన ఒక ఫోటో అడగండి, వెయ్యి మాటల వివరణ కంటే అది చాలు. చెంచా గుంట మొన కోడిగుడ్డు మొనలా ఉండాలి. కుడిచేతివాటం వాళ్లు తిని తిని అది ఒక పక్కకు అరిగి వాలిపోతుంది. అలాంటి చెంచా ఎంత మెరిసినా సగం ధరదే.

కాడ చివర పాత యజమాని పొడి అక్షరాలు చెక్కి ఉంటే కొత్తవాళ్లు వద్దంటారు. అది పొరపాటు. అక్షరాలున్న చెంచా కంటే అక్షరాలు చెరిపేసిన చెంచానే చెడ్డది. చెరపడమంటే అక్కడి వెండిని రాకి తీసేయడం. బొటనవేలితో నొక్కితే ఆ చోటు రేకులా లోపలికి వంగుతుంది, అద్దంలో చూసినట్టు చూస్తే కాస్త గుంటగా కనబడుతుంది. చేతిలోకి తీసుకునే వీలుంటే వస్తువు మీద నోటితో ఆవిరి పట్టించండి. ఆవిరి ఆరిపోతున్నప్పుడు మాటు వేసిన గీతలు, అతికించిన ముక్కలు ఒక్క క్షణం తేలి కనబడతాయి. సీసంతో మాటు వేసిన చోట నల్లబూడిద రంగులో మందంగా ఉంటుంది. అది ఉన్న వస్తువును ఆచారి మళ్లీ వెండి మాటుతో బాగుచేయడం కష్టం, వేడి చేయగానే సీసం వెండిని తినేస్తుంది.

రూపం మార్చిన సామాను ఇంకో రకం. నగిషీ లేని పాత చెంచాల గుంటల్లో తర్వాతి తరం పళ్ల బొమ్మలు కొట్టి, బంగారు పూత పూసి ‘బెర్రీ స్పూన్లు’ అని అమ్మింది. ముద్రలు పాతవే, అందం కొత్తది. చూడముచ్చటగా ఉంటాయి, కొనుక్కోండి, కానీ పాత చెంచా ధరకు కాదు. చెంచా గుంటను కోసి ఫోర్కుగా మార్చినవీ ఉంటాయి. వాటి పళ్ల మొదట్లో వెండి మరీ పల్చగా ఉంటుంది. పోతపోసిన నకళ్లకు ముద్ర అంచులు మొద్దుబారి, ఇసుక రేణువుల్లా చిన్న గుంటలుంటాయి. వాటిని పట్టే గట్టి ఉపాయం ఒకటే: రెండు మూడు చెంచాలు పక్కపక్కన పెట్టండి. ఒకదాని మీదున్న గీత, సొట్ట రెండోదాని మీద అదే చోట ఉంటే రెండూ ఒకే అచ్చులో పుట్టాయి. నిజమైన గీతలకు కవలలు ఉండరు.

టీ కుండైతే లోపల దీపం పెట్టి చీకట్లో చూడండి, నగిషీ లోతుగా ఉన్న చోట సూదిమొన రంధ్రాలు నక్షత్రాల్లా కనబడతాయి. మూతకూ ముద్ర ఉండాలి, ఒంటి మీద ముద్రతో అది కలవాలి. ఉప్పు గిన్నెల లోపల నల్లటి గుంటలు పోవు. ఉప్పు వెండిని తింటుంది, అందుకే వాటికి నీలం గాజు గిన్నె లోపల అమర్చేవారు. చక్కెర పట్టకారు వంపు మధ్యలో పగులుంటుందేమో చూడాలి, విరిగేది ఎప్పుడూ అక్కడే. లాట్ వివరంలో ఏ.ఎఫ్. అని రెండు అక్షరాలుంటే ‘ఉన్న లోపాలతోనే’ అని అర్థం, ఆ తర్వాత ఫిర్యాదుకు తావుండదు. వెయిటెడ్, లోడెడ్ అన్న మాటలుంటే లోపల నింపింది వెండి కాదు.

ఇన్ని చెప్పాక ఈ సెట్ మీద అభిప్రాయం: మొదటి కొనుగోలుగా ఇది వద్దు. 66 పీసుల్లో 24 కత్తులు, ముద్రలు చదవలేని ఫోటోలు, గ్రాస్ బరువు. మూడూ అమ్మేవాడికి లాభమైనవే. పైగా 12 మందిని కూర్చోబెట్టి ఫోర్కులతో వడ్డించే ఇల్లు గుంతకల్లులో ఎన్ని ఉంటాయి? రాగి సంగటికి ఫోర్కు పనికిరాదు. వంద గ్రాముల లోపు ఒంటరి వస్తువులతో మొదలుపెట్టండి. 1800 చుట్టుపక్కల పెద్ద చెంచా ఒకటి దొరికితే ముద్రలు, అరుగుదల, బరువు, నీళ్ల పరీక్ష అన్నీ ఒక్క వస్తువు మీదే నేర్చుకోవచ్చు. 1780ల తర్వాతి చెంచాకు ముద్రలు కాడ పైచివర ఉంటాయి, అంతకు ముందువాటికి గుంట దగ్గర కాడ మొదట్లో నలిగిపోయి ఉంటాయి. అదొక్కటి గుర్తుపడితే అంగట్లో కూర్చున్నవాడికి కూడా మీ మీద గౌరవం పెరుగుతుంది.

ఇంగ్లీషు సామాను మీదే పట్టు లేకపోతే పన్నీరు బుడ్లు, గంధపు గిన్నెలు, తాంబూలం పళ్లేలు, సున్నపు డబ్బీలు చూడండి. మన సీమ ఇళ్లలోంచి ఇవి ఏటా కుదువ అంగళ్లకు వెళ్లి కరిగిపోతున్నాయి. చేతిపని ఉన్న పాత పన్నీరు బుడ్డిని అంగడివాడు బరువుకే ఇస్తాడు, ఎందుకంటే అతనికి అది కరిగించే సరుకు. బుడ్డి మెడ దగ్గర మరను విప్పి లోపల చూడండి, మెడ ఒక లోహం, పొట్ట ఇంకో లోహం అయిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఎక్కడ కొన్నా బిల్లు తీసుకోండి. బిల్లు లేకుండా తక్కువకు వచ్చిన వెండి దొంగసొత్తని తేలితే వస్తువూ పోతుంది, భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద కేసూ మీదపడవచ్చు. 2 లక్షలూ అంతకు పైబడినదీ నగదుగా ఇవ్వకండి, తీసుకునేవాడికి చట్టం ఒప్పుకోదు. వందేళ్లు దాటిన కళావస్తువు పురావస్తువుల చట్టం, 1972 పరిధిలోకి వస్తుంది. ఇంట్లో ఉంచుకోవచ్చు, కానీ కువైట్‌లో ఉన్న తమ్ముడికో అమెరికాలో ఉన్న అమ్మాయికో సూట్‌కేసులో పెట్టి పంపకూడదు. కొని అమ్మడం వ్యాపారంగా చేయాలంటే లైసెన్సు కావాలి.

చూసుకోవడం గురించి అడిగారు. వెండి నల్లబడేది గాలిలోని గంధకంతో. తేమ ఉంటే ఆ పని త్వరగా జరుగుతుంది. అనంతపురం పొడి గాలి ఈ విషయంలో మీకు వరం. శత్రువులు ఇంట్లోనే ఉంటారు: రబ్బరు బ్యాండు, ఉన్ని గుడ్డ, వార్తాపత్రిక కాగితం, గుడ్డు సొన, ఉల్లిపాయ. రబ్బరు బ్యాండు వేసి దాచిన చెంచాల మీద ఆ బ్యాండు గీత నల్లగా దిగిపోయి తోమినా పోదు. ఉతికిన తెల్ల నూలు గుడ్డలో ఒక్కొక్కటీ చుట్టి, జిప్ కవర్లో సిలికా జెల్ పొట్లంతో పెట్టండి.

కడగడానికి గోరువెచ్చని నీళ్లు, కుంకుడు రసం చాలు. కడగ్గానే తుడవాలి, మన బోరు నీళ్లు ఆరితే తెల్ల మచ్చలు పడతాయి. పళ్లపొడి, ఇత్తడి తోమే పొడి, ఇసుక కలిసిన బూడిద దగ్గరికి రానివ్వకండి. విభూతితో రుద్దడం మన అలవాటే గానీ అందులో ఒక్క గరుకు రేణువు ఉన్నా ముద్ర మీద గీత పడుతుంది. ముద్ర ఉన్న చోటు అసలు తోమకండి, అరిగిన ముద్ర తిరిగి రాదు. అల్యూమినియం కాగితం, వాషింగ్ సోడా, వేడినీళ్ల చిట్కా నలుపును నిమిషాల్లో తీసేస్తుంది, నిజమే. కానీ నగిషీ లోతుల్లో పనివాడు కావాలని ఉంచిన నలుపును కూడా తీసేసి బొమ్మను చదునుగా మార్చేస్తుంది. బోలు పిడి కత్తులను అందులో ముంచితే లక్క కరుగుతుంది. తోమాక కూడా పాత స్టెర్లింగ్ మీద ఊదా బూడిద రంగు నీడలు కనబడితే అవి మురికి కాదు. తయారుచేసినప్పుడు కొలిమి వేడికి వెండిలోని రాగి మాడి పైపొర కిందనే నిలిచిపోయిన మచ్చలవి. వాటిని పోగొట్టాలని బఫింగ్ మిషన్‌కు ఇస్తే వెండి పోతుంది.

తాతగారి చెంచాలకు కొత్త పూత వేయిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. పూతకు ముందు మిషన్ మీద నున్నగా రాకుతారు, రైల్వే అక్షరాలు అక్కడే సగం మాయమవుతాయి. ఉగ్గానికో పాయసానికో నిశ్చింతగా వాడుకోండి, ఊరగాయ సీసాలో మాత్రం వదిలేయకండి.